అద్దం చెప్పిన చేతివాటం

నూట ఇరవై మంది చూస్తుండగా మెడలో గిటార్‌తో వేదిక మీద నిలబడ్డాను. మా ఆవిడ రిటైర్మెంట్ సభ. పెళ్లికి ముందు వినిపిస్తానన్న పాట, ముప్పై ఏళ్లు ఆలస్యంగా, ఇవాళ వినిపించాలి.

తీగ మీటాను. లావు తీగ ఉండాల్సిన చోట సన్న తీగ! కింద ఉండాల్సిన వాల్యూమ్ బటన్ నా గడ్డం వైపు చూస్తోంది. గిటార్ మొత్తం తిరగబడింది.

ఇది కుట్ర!

దోషిని పట్టుకునేలోపు పాఠకులకు ఒక్క మాట. చేత్తో ప్రత్యేకంగా చేయించుకున్న ఎలక్ట్రిక్ గిటార్ సంసారానికి వరం. నవ్వకండి! షాపులో కొన్న గిటార్‌తో ఒకటే చిక్కు, దాన్ని వాయించాలి. చేయించుకున్నదాని గురించి మాట్లాడితే చాలు. పార్సిల్ తెచ్చినతను "ఏం చెక్క సార్?" అన్న పాపానికి నలభై నిమిషాలు నిలబడి విన్నాడు. ఇప్పుడు పార్సిల్ గుమ్మంలో విసిరేసి పరిగెత్తుతున్నాడు. ఆంప్లిఫయర్ మీద పూలకుండీ ఎంత అందంగా ఉందో! పక్కింటావిడ అయితే, "గిటార్ వచ్చిందంటే హడలిపోయామండీ. మా పాప ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. మీరు దేవుడు!" అంది.

ఇక విచారణ. మొదటి అనుమానం గిటార్ మోసుకొచ్చిన బావమరిది మీద.

"తీగలు తిప్పి బిగించే తెలివే నాకుంటే, నువ్వు నన్నిలా చూస్తావా బావా?"

న్యాయమే. గిటార్ చేసినతనికి వేదిక మీంచే ఫోన్ చేశాను.

"మీది కుడిచేతివాటమా, ఎడమా అని మూడుసార్లు అడిగాను సార్. మీరు చీపురు పట్టుకుని ఫోజిచ్చి ఫొటో పంపారు. అందులో మీటేది ఎడమ చెయ్యే!"

ఆ ఫొటో బీరువా అద్దంలోది! తీసిందెవరు? మళ్లీ బావమరిదే!

"అద్దంలో అయితే పొట్ట తెలియదన్నావు కదా బావా?"

"అయితే దోషి అద్దమే!" అని ప్రకటించాను. జనం చప్పట్లు కొట్టబోయారు. మా ఆవిడ మైకు అందుకుంది.

"ఏమండీ, ఆ గిటార్ మనింటికొచ్చి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది నెలలు."

"మరి తిరగబడి ఉందని మీకు ఇవాళే తెలిసిందా?"

ఇంట్లో తాళంచెవి పోయినా, బిస్కెట్లు మాయమైనా పరిశోధన నాదే. అయినా ఇంత చిన్న ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

ఆవిడ మైకు నా నోటి దగ్గర పెట్టింది. "పాట ఎలాగూ లేదు. దోషి పేరైనా వినిపించండి. ముప్పై ఏళ్లుగా చెవులప్పగించి కూర్చున్నాను."

గొంతు సవరించుకున్నాను.

"దాన్ని రోజూ తుడిచాను, ఒక్కరోజూ వాయించలేదు. దోషిని నేనే."