షాహెద్ పాట పొట్టిదైన వైనం

నారాయణఖేడ్ సాంస్కృతిక చరిత్రలో 2006 చిరస్మరణీయమైన సంవత్సరం. గిటారు వాయించే షాహెద్, డ్రమ్ములు వాయించే హనోకు, బేస్ గిటారు పట్టిన సుభాష్ కలిసి ఆ ఏడే ప్రోగ్రెసివ్ మెటల్ బ్యాండు పెట్టారు. ప్రోగ్రెసివ్ అంటే అభివృద్ధి, మెటల్ అంటే ఇనుము అని తెలిసినవాళ్లు వివరించడంతో, కొన్నాళ్లు జనం వచ్చి గొళ్లేలూ రేకులూ ఉన్నాయా అని అడిగి పోయారు.

మొదటి ఆల్బమ్‌లో ఉన్నది ఒకటే పాట. సిర్గాపూర్ నుంచి హైదరాబాదుకు కూలికి పోయేవాళ్ల మీద షాహెద్ తిండి మానుకొని రాశాడు. తాళం ఏడు దెబ్బలకోసారి తిరుగుతుంది, మధ్యలో పదకొండుకు మారుతుంది. గొంతు అరగంట తర్వాత వస్తుంది. ఆవిష్కరణ సభలో ఆ గొంతు వచ్చేసరికి హాల్లో అతని తల్లి సాలెహా బేగం ఒక్కతే మిగిలింది.

"మంచిగున్నది బేటా. పాట ఎప్పుడు షురూ అయితది?" అని ప్రేమగా అడిగింది.

రెండో ఆల్బమ్‌లో పాటలు పొట్టివయ్యాయి. వాటిని ఒక పెళ్లి బరాత్‌లో వినిపించే గౌరవమూ దక్కింది. హనోకు ఏడు దెబ్బలు వేస్తుంటే, నాలుగుకు అలవాటుపడ్డ కాళ్లు ఒకదానికొకటి తగిలి పెళ్లికొడుకు మేనమామ వీరప్ప కిందపడ్డాడు.

"గీ తాళంల దెబ్బ ఎక్కువున్నదా, తక్కువున్నదా?" అని లేవకుండానే అడిగాడు. బ్యాండు సంగీతంపై పట్టణంలో జరిగిన లోతైన చర్చ అదొక్కటే.

"ఇగ నాలుగే కొడత భాయ్. జనం పడకుంటే చాలు" అన్నాడు హనోకు. షాహెద్‌కు మనసొప్పలేదు. అయినా తలూపాడు.

2014లో స్థానిక ఎన్నికలొచ్చాయి. మళ్లీ నిలబడ్డ నాయకుడు మొగులయ్య ప్రచారానికి పాట కావాలన్నాడు. "మాటలు ఎక్కువొద్దు తమ్మీ. నా పేరు రావాలె, దుమ్ము లేవాలె."

రాయడానికి కూర్చుంటే షాహెద్‌కు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో తన మాట ఒక్కటీ ఎవరి చెవినా పడలేదు. ఈసారైనా పడాలని ఉన్నదున్నట్టు రాశాడు.

"మొగులన్న వచ్చిండే, మళ్ల ఓట్లకే వచ్చిండే
బోరు ఏస్తనన్నడే, పొక్క జేసి పోయిండే!"

మనూర్ సభలో వేదిక ఎక్కేముందు సుభాష్ మెట్ల దగ్గరే ఆగాడు. "తంతరేమో భాయ్."

"తంతే విన్నట్టే కదరా" అన్నాడు షాహెద్.

ఎవరూ తన్నలేదు. పేరు వినగానే జనం ఈలలేశారు. బోరు దగ్గరికొచ్చేసరికి మొగులయ్య కండువా తిప్పుతూ వేదిక మీదే ఆడాడు. "మా తమ్ముడు మండల అభివృద్ధిని కండ్లకు కట్టిండు! గా బోరు ముచ్చట మళ్లొక్కసారి!" అని మైకులో ప్రకటించాడు. రెండోసారి జనమంతా గొంతు కలిపారు.

మొగులయ్య ఘనంగా గెలిచాడు. బోరు పేరిట నీళ్లు లేని రంధ్రమే మిగిలిన వాడకట్టులోనే ఎక్కువ ఓట్లు పడ్డాయని తెలిసి, షాహెద్ ఉండబట్టలేక అక్కడికి వెళ్లాడు. కాశమ్మ అనే ముసలామె ఖాళీ బిందె పట్టుకొని ఎదురైంది.

"పాట విన్నవా అవ్వా?"

షాహెద్ మాటలకు దొరికిన మొదటి శ్రోత ఆమె.

"ఇనకేంది కొడుకా, మాట మాట ఇన్నం. ఓట్లకే వస్తనన్నడు, పొక్క జేసి పోయిన అన్నడు. జేసింది జేసినట్టు పాట కట్టిచ్చి చెప్పుకున్నడు. గింత నిజం చెప్పెటోనికి ఓటెయ్యక ఇంకెవనికేస్తం?"