చెట్టు ఒల్లనన్న రంగు

ఎమ్మిగనూరులో నూలుకు రంగు వేసే హుసేనప్పకు ఆ సోమవారం ఒకటే పని. నేతగత్తె హనుమక్క నూలును ఎర్రగా ముంచి మర్నాటికి ఇవ్వాలి. ఆదోనిలో చీరల పోటీకి ఆమె ఆ నూలుతోనే నేయాలి. కర్నూలు రాజధానైన మరుసటి యేడు అది. ఎర్రరంగు దొరకడమే గగనంగా ఉంది. ఉన్నది ఒక్క బానెడు. అది చెడితే ఆమె పోటీ పోతుంది, ఈయన పేరు పోతుంది.

నూలు కట్టలను, చిలపలను, తడిపి పెరట్లో పత్తిచెట్ల పక్కన తాడుకు వేలాడదీశాడు. అంతలో బడిపంతులు యేసేపు వచ్చి, పాఠం కోసమని చెంబెడు రంగునీళ్ళు అడిగి, తెల్ల చామంతుల కాడలు కోసి అందులో నిలిపాడు. మధ్యాహ్నానికి రేకుల్లో ఎర్రటి నరాలు తేలాయి.

"కాడ నిండా సన్నని గొట్టాలుంటాయన్నా. ఆకులూ పూలూ ఆవిరి ఇడిసేకొద్దీ కింది నీళ్ళు పైకి గుంజుకుంటాయి," అని చెప్పి యేసేపు చెంబు పట్టుకుని బడికి పోయాడు.

హుసేనప్ప నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ముప్పై ఏళ్ళుగా తాను పొయ్యి ముందు చేతులు కాల్చుకుని చేసే పనిని ఈ పువ్వు నిప్పు లేకుండా, చప్పుడు లేకుండా చేసేసింది. పత్తే ఎర్రగా కాస్తే ఇక నూలు ముంచే బాధెందుకు? బానెడు రంగూ పత్తిచెట్ల పాదుల్లో పోసేశాడు.

సాయంత్రం హనుమక్క నూలు ఎంతవరకు వచ్చిందో చూడడానికి వచ్చింది. "నా ఎర్రనూలు యాడప్పా?"

"నూలెందుకు అక్కా. తెల్లారితే కాయలు పగులుతాయి. సెట్టే ఎర్రపత్తి ఇస్తాది."

"వడికేదెవరు, నేసేదెప్పుడు?"

ఆ సంగతి ఆయన ఆలోచించలేదు. హనుమక్క తిట్టుకుంటూ పోయింది. తిట్లు వీధిలోనే ఆగిపోయాయి, ఎర్రపత్తి మాట మాత్రం ఆదోని దాకా పోయింది. పొద్దున మొదటి బస్సుకే పత్తి వ్యాపారి ఒకడు గోతం చంకన పెట్టుకుని దిగాడు. పెరడంతా జనం, వాళ్ళలో హనుమక్క కూడా ఉంది. అందరూ చూస్తుండగా కాయ పగిలింది. ఏ యేడూ లేనంత తెల్లగా ఉంది.

యేసేపు పరుగున వచ్చాడు. "తెగిన కాడ ఏం పెట్టినా తాగుతాదన్నా. బతికిన వేరు అట్ల కాదు. తనకు కావాల్సిన నీళ్ళూ ఉప్పులూ తీసుకుని, ఈ రంగును బయటే ఆపేస్తాది."

హుసేనప్పకు ఏడుపొచ్చింది. అయినా చెట్టు మొదలు నిమిరాడు. "బానెడు పోసినా సుక్క ముట్టలేదు. నాకన్నా దీనికే రంగు తెలుసు."

అప్పుడే హనుమక్క కిందికి చూసింది. నల్లరేగడిలో ఇంకక నిలిచిన రంగులో చిలపల అంచులు మునిగి ఉన్నాయి. రాత్రంతా పోగు వెంబడి రంగు పైకి పాకింది. కింద చిక్కటి ఎరుపు, నడుమ గులాబీ, పైన తెలుపు. అంత అందమైన నూలు ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. ఆమె చిలపలు భుజాన వేసుకుని మగ్గం దగ్గరికి పోయింది.

పోటీలో మొదటి బహుమతి ఆ చీరకే వచ్చింది. ఆ రంగు ఎట్లా కుదిరిందని పెద్దలు అడిగితే, హుసేనప్ప గొంతు సవరించుకున్నాడు.

"నాదేముందప్పా. సెట్టు ఒల్లనంటే నూలు తాగినాది."