తేజ పడిపోయింది

ఆ రోజు అంకమ్మరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కల్లానికి వెళ్ళాలి, ఆరబోసిన మిరపకాయలు ఒకసారి తిరగెయ్యాలి, ఆ తర్వాత పాకలో చేరి ఇరవై రెండో అధ్యాయం పూర్తి చెయ్యాలి. మూడో పని సంగతి భార్య కోటిరత్నానికి తెలియకూడదు.

తెలిస్తే ఇంకేమైనా ఉందా? కోటిరత్నం ముప్పై ఏళ్ళుగా చిలకలూరిపేట లైబ్రరీ నుంచి నవలలు తెచ్చుకుని చదువుతోంది. ఆ ముప్పై ఏళ్ళూ అంకమ్మరావు ఆమెను నలుగురిలో ఏడిపిస్తూనే ఉన్నాడు. "రాజులు పోయారు, కోటలు కూలాయి. వాళ్ళెవరో ప్రేమించుకుంటే నీకెందుకే కన్నీళ్ళు?" అనేవాడు. అలాంటి మనిషి, క్యారేజీ సంచిలో పొరపాటున వచ్చిన పుస్తకాన్ని అన్నం మీది ఈగలు తోలడానికని చేతిలోకి తీసుకుని, వారం నుంచీ కింద పెట్టలేకపోతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చదివిన మొదటి నవల అది. ఇంట్లో కోటిరత్నం పుస్తకం కోసం బీరువా వెనక కూడా వెతికింది. ఆయన కూడా ఆమెతో కలిసి శ్రద్ధగా వెతికాడు.

నవలలో రాకుమారి పేరు తేజోవతి. రాకుమారుడు ముద్దుగా తేజ అంటాడు. వారం తిరిగేసరికి అంకమ్మరావు కూడా అలాగే అనడం మొదలుపెట్టాడు. ఆ రోజు పాకలో తెరిచిన ఇరవై రెండో అధ్యాయంలో సేనాపతి ద్రోహం చేశాడు, శత్రువులు కోటలోకి జొరబడ్డారు, తేజ బురుజు మీది నుంచి నదిలోకి పడిపోయింది. అంకమ్మరావు గుండె ఆగినంత పనైంది. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి.

"ఏందన్నా, ఏమైంది? అట్టా అయిపోయావేంది?" అంటూ పక్క కల్లంలోంచి పీరు పరుగెత్తుకొచ్చాడు.

అంకమ్మరావు పుస్తకాన్ని పాకలో పరిచిన టార్పాలిన్ పట్టా కిందికి తోసేశాడు గానీ, దుఃఖాన్ని తొయ్యలేకపోయాడు. "తేజ పడిపోయిందిరా పీరూ!"

ఆ ఊరి కల్లాలన్నింటిలోనూ ఎండుతున్న మిరప రకం పేరు తేజ. పైగా మన భాషలో ఆడపిల్లకైనా మిరపకాయ ధరకైనా క్రియాపదం ఒకటే. పీరు మొహం పాలిపోయింది.

"ఎంత పడిందన్నా?"

"ఎంతేందిరా! అంత ఎత్తు నుంచి అడుక్కి పోయింది."

"మళ్ళీ లేచిద్దా?"

"ఏం లేచిద్ది? నీళ్ళలో కలిసిపోయింది. నమ్మినోళ్ళే ముంచారు."

నమ్మినవాళ్ళంటే గుంటూరు మిర్చి యార్డు వ్యాపారులేనని పీరు అర్థం చేసుకున్నాడు. మిర్చి ధర విషయంలో అంకమ్మరావు మాటకు ఊళ్ళో తిరుగులేదు. ఆయనే ఏడుస్తున్నాడంటే ఇక అడగడానికేముంది? పీరు వెళ్ళి ట్రాక్టరు యలమందకు చెప్పాడు. యలమంద రైతుల వాట్సాప్ గ్రూపులో వణికే గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. అది టీకొట్టు చేరేసరికి విదేశాలవాళ్ళు కొనడం మానేశారు, పాలకేంద్రం చేరేసరికి యార్డుకే తాళం పడింది.

అంకమ్మరావు కళ్ళు తుడుచుకుని పాకలోంచి బయటికొచ్చేసరికి, నాలుగు ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. ఉన్న ధరకే తెగనమ్ముకుందామని జనం సగం ఎండిన కాయను గోతాల్లోకి కుక్కేస్తున్నారు. ఆ పచ్చికాయ గోతంలో రెండు రోజులుంటే బూజు పట్టి, ఏడాది కష్టమంతా గంగపాలవుతుంది. అందరికంటే ముందు ఆయన కల్లంలోనే కోటిరత్నం కొంగు బిగించి, కాయ ఎత్తుతోంది.

"ఊరంతటికీ చెప్పి నాకు చెప్పవేందయ్యా?"

"ఆపండి! ఆపండి! తేజ మళ్ళీ లేచింది!" అని అరిచాడు అంకమ్మరావు.

"ఎవరు చెప్పారు?"

"ఇప్పుడే ఫోనొచ్చింది."

కోటిరత్నం నడుముకి దోపుకున్న ఫోను తీసి చూపించింది. "ఇంట్లో మర్చిపోయి వచ్చావుగా. ఇద్దామనే తెచ్చా."

జనం మళ్ళీ గోతాలు పట్టారు. అంకమ్మరావు ఒకవైపు ముప్పై ఏళ్ళ తన డాబు చూసుకున్నాడు, మరోవైపు పీరు గోతంలోకి ఎత్తుతున్న పచ్చికాయ చూశాడు. పాకలోకి ఉరికి, పట్టా కింద చెయ్యిపెట్టి పుస్తకం లాగి, బయటికి తెచ్చాడు.

"పడింది మిరపకాయ తేజ కాదురా! ఇదిగో, ఈ నవల్లో రాకుమారి తేజ. బురుజు మీంచి ఏట్లో పడింది. చదివి ఏడ్చా. చాలా?"

జనం గోతాలు వదిలేసి పుస్తకం వైపు చూశారు. ఇక నవ్వులు మొదలవుతాయని ఆయన తల దించుకున్నాడు. ముందుగా కోటిరత్నం గొంతు లేచింది.

"దొంగిలిస్తే దొంగిలించావు, చదివితే చదివావు. కథెందుకు చెప్పావయ్యా? నేనింకా పదిహేడో అధ్యాయంలోనే ఉన్నా!"

ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. ముప్పై ఏళ్ళలో తన మాటలేవీ తగలనంత గట్టిగా ఈ ఒక్క మాట ఆమెకు తగిలిందని అంకమ్మరావుకు అర్థమై, ప్రాణం ఉసూరుమంది. "తప్పయిపోయింది రత్నం" అన్నాడు, అందరూ వింటుండగానే.

"తప్పంటే సరిపోదు. చదివి వినిపించు. పదిహేడు నుంచి."

"పిల్ల నీళ్ళలో ఉంటే పదిహేడు నుంచేంది వదినా?" పీరు లబలబలాడాడు. "బతికిందో లేదో ముందు చూడమను!"

"నేను పదిహేడు నుంచే వింటా."

కల్లంలో పట్టా అంచున కూర్చుని అంకమ్మరావు గొంతు సవరించుకున్నాడు. గోతాలు కుమ్మరించి కాయ మళ్ళీ ఆరబోస్తూ అందరూ విన్నారు. ప్రేమలేఖ దగ్గర ఆయన సిగ్గుపడి నాలుగు వాక్యాలు దాటెయ్యబోతే, కోటిరత్నం పట్టుకుని మళ్ళీ చదివించింది. ఈసారి ఆయన ఆమె వైపు చూస్తూ చదివాడు. ఆవిడ పెళ్ళిచూపులనాటిలా తల పక్కకి తిప్పుకుంది.

మధ్యాహ్నం మూడింటికి తేజ ఒడ్డుకు చేరి కళ్ళు తెరిచింది. కల్లమంతా ఊపిరి పీల్చుకుంది. గుంటూరు యార్డులో ఆ పూట తేజ ధర ఎంత పలికిందో మాత్రం ఒక్క రైతూ కనుక్కోలేదు.