అరవై మూడు ఆంపియర్ల హస్తవాసి

మాటిమాటికీ పడిపోయే బ్రేకర్ కన్నా మనిషికి గౌరవం తెచ్చిపెట్టే వస్తువు మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ట్రాన్స్‌ఫార్మర్ల మీద పాఠాలు చెప్పినప్పుడు దొరకని మర్యాద, పదవీ విరమణ చేసిన పదమూడేళ్లకు ఒక బ్రేకర్ పుణ్యమా అని నాకు దొరికింది.

నా గది కింది అంతస్తులో మా మేనకోడలు సంచులు కుట్టించే వర్క్‌షాప్ నడుపుతోంది. అక్కడి మిషన్లు తక్కువ వోల్టేజీతో నడిచే పాత రకం. అందుకని బయటి నుంచి వచ్చే కరెంటును తగ్గించి రెండు ప్యానెళ్లకు అందించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టించింది. ఒక ప్యానెల్ మిషన్లకు, రెండోది కత్తిరింపు బల్లలకూ ఇస్త్రీలకూ దీపాలకూ. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు, కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి లైను తెంచే బ్రేకర్ ఎంతది ఉండాలన్న ప్రశ్న రాగానే, ఇంట్లో ప్రొఫెసరు ఉండగా బయటివాళ్లను అడగడమేమిటని కాగితం నా ముందు పెట్టింది.

ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని వోల్టేజీతో భాగించాను. అరవై రెండు పాయింట్ ఆరు ఆంపియర్లు వచ్చింది. బజారులో అరవై మూడుది దొరుకుతుంది. ఎంత ముచ్చటైన సామరస్యం! కొలిచి కుట్టించుకున్న చొక్కా కూడా ఒంటికి అలా అతకదు.

కాగితం చూసి వర్క్‌షాప్ ఎలక్ట్రీషియన్ తల గోక్కున్నాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ.

"అమ్మగారూ, స్విచ్ వేయగానే ఇది ఒక్కసారి గట్టిగా లాగుతుంది కదా. ఇటువైపు కాస్త పెద్దది, తొందరపడి పడిపోనిది వేద్దాం. అటువైపు ప్యానెళ్ల ముందు సరిగ్గా కొలతది పెడదాం. రెంటికీ కాపలా ఉన్నట్టే."

"పెద్దది వేయడమంటే కాపలావాడికి నిద్రమాత్ర వేయడమే, నాయనా," అన్నాను. వాక్యం నాకే నచ్చడంతో మరోసారి అన్నాను.

అతను చెప్పింది నా పాఠంలో రెండో అధ్యాయం. తొలి క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ తన మామూలు కరెంటుకు పది రెట్లు మింగి, ఆ వెంటనే శాంతిస్తుంది. ఎంత మింగుతుందన్నది, స్విచ్ పడిన క్షణాన వోల్టేజీ అల ఏ ఎత్తులో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. అది ఎవరి చేతిలోనూ లేదు. కనుక నా అరవై మూడు ఒకసారి నిలుస్తుంది, రెండుసార్లు పడిపోతుంది.

దీనివల్ల లోకానికి జరిగిన మేలు చూడండి. పొద్దున్నే మిషన్లు కదలకపోవడంతో కుట్టేవాళ్లు తీరిగ్గా కూర్చుని ఒకరి కష్టసుఖాలు ఒకరు తెలుసుకున్నారు. ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరు తోడికోడళ్లు కిటికీల్లేని హాలు చీకట్లో ఎవరితో మాట్లాడుతున్నదీ తెలియక రాజీపడిపోయారు. ఇస్త్రీలు వేడెక్కనందువల్ల ఒక్క గుడ్డా మాడలేదు. ఏ భద్రతా పరికరం ఇంత సమగ్రంగా భద్రత కల్పించగలదు?

ఇక నా సంగతి. ఎలక్ట్రీషియన్ వేస్తే పడిపోతుంది, రెండోసారీ పడిపోతుంది. అప్పుడు నాకు కబురు. నేను దిగి వెళ్లి వేస్తే నిలుస్తుంది.

"మేడమ్‌గారి హస్తవాసి!" అంది బొత్తాలు కుట్టే ఆవిడ. ఆ మాట వర్క్‌షాప్ అంతా పాకింది.

నా చేతిలోనూ పడిపోయిన రోజులున్నాయి. అప్పుడు తప్పు మబ్బుది. అతని చేతిలో నిలిచిన రోజులూ ఉన్నాయి. వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. సంభావ్యతా సిద్ధాంతం చదివిన నేను ఈ రెండు సంగతులూ నోరు విప్పి చెప్పవచ్చు. చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి జుట్టు దువ్వుకుని తలుపు దగ్గర కూర్చునేదాన్ని.

నాలుగు నెలలు ఇలా గడిచాక మేనకోడలు పైకొచ్చింది.

"అత్తా, సోమవారం నుంచి ఎలక్ట్రీషియన్‌ని రావద్దని చెప్పేస్తున్నా. కొత్తాయన్ని చూశాను."

"ఏం చూసి ఎంచుకున్నావు?"

"స్విచ్ వేయించాను. ఒక్కసారికే నిలబడింది. పాతాయన మంచివాడే గానీ, ఆ చెయ్యే అచ్చిరాలేదు. ఏం చేస్తాం చెప్పు."

కారణం నుంచి కార్యానికి దారి వెతకడమే నా జీవితమంతా చేసిన పని. ఈసారి దారి పొట్టిది: నా భాగహారం, నా నిద్రమాత్ర వాక్యం, ఒక మనిషి బతుకుతెరువు.

ఆ కాగితం తెమ్మన్నాను. అరవై మూడు కొట్టేసి నూట ఇరవై అయిదు రాశాను. నిదానపు రకమని రాశాను. ప్యానెళ్లకు విడివిడి బ్రేకర్లు రాశాను. కింద 'సూచించినది ఎలక్ట్రీషియన్, అడ్డుపడినది నేను' అని రాసి సంతకం పెట్టాను. మేనకోడలు ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఆమెకూ నచ్చినట్టుంది.

బ్రేకర్ పెంచితే దానికి తగ్గ తీగ ఉండాలి. చూడబోతే లావు తీగ అప్పటికే లాగి ఉంది.

"ఇదెప్పుడు లాగారు?" అని ఎలక్ట్రీషియన్‌ని అడిగాను.

"మొదటిరోజే, అమ్మగారూ. ఎప్పటికైనా మీరే మారుస్తారని."

ఇంతకన్నా గట్టిగా నన్ను ఎవరూ తిట్టలేదు.

మర్నాడు స్విచ్ నిలబడింది. ఆ మర్నాడూ నిలబడింది. ఇప్పుడు ఎవరు వేసినా నిలబడుతోంది. కొత్తాయన మరో చోట తన చేతి మంచితనం నిరూపించుకుంటున్నాడు. కుట్టేవాళ్లకు ఒకరి సంగతులు ఒకరికి తెలియడం లేదు. తోడికోడళ్లు వెలుతురులో ఒకరినొకరు చూసుకుని మళ్లీ మాటలు మానేశారు.

నిన్న తొమ్మిదిన్నర దాకా చూశాను. కబురు రాలేదు. నేనే దిగి వెళ్లాను. మిషన్లు హోరెత్తుతున్నాయి. ఎలక్ట్రీషియన్ లేచి నిలబడి దండం పెట్టి, మళ్లీ పనిలో పడ్డాడు.

"ఏం అత్తా, ఏమైనా కావాలా?" అంది మేనకోడలు, తల ఎత్తకుండానే.

నాలుగు నెలల్లో ఆ ప్రశ్న నన్ను అడగడం ఇదే మొదటిసారి. ఏం కావాలో చెప్పడానికి మొహం చెల్లక, మంచినీళ్లు అడిగాను.