మా ఆఫీసులో ఇంకా 2010

మీ ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ కొందామని ఎవరైనా అంటే ఆ మనిషిని గుమ్మం దగ్గరే ఆపేయండి! పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త కంప్యూటర్‌లో నడపడంలో ఎంత సుఖముందో అనుభవించినవాణ్ణి కనుక చెబుతున్నాను.

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో చాలాకాలం సూపరింటెండెంటుగా వెలగబెట్టాను. పిల్లల సర్టిఫికెట్లు, స్టాఫ్ సర్వీసు వివరాలు అన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి మాకుంది. పాత విండోస్ రోజుల్లో ఒక కుర్రాడు రాసిచ్చాడు. తర్వాత కంప్యూటర్లు మారాయి, విండోస్ మారింది, ఆ కుర్రాడికి బట్టతల కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్ మాత్రం మారలేదు. పైగా దాని లైసెన్సు 2010తో అయిపోయింది.

అయిపోతే ఏం? ఉపాయం ఉంది కదా! రోజూ పొద్దున్నే కంప్యూటర్‌లో తేదీని 2010కి మార్చి, ఇది పాత విండోసే అని దాన్ని నమ్మించే కంపాటిబిలిటీ మోడ్‌లో పెట్టి తెరవాలి. అసలు తేదీ ఒక్కసారి దాని కంటపడిందా, మళ్ళీ తెరుచుకోదని ఆ కుర్రాడు గట్టిగా హెచ్చరించాడు. మా అటెండరు మణి కంప్యూటర్ ముందు అగరొత్తి వెలిగించి మరీ తేదీ మార్చేవాడు. ఇంటర్నెట్ ఉంటే తేదీ దానంతటదే సర్దుకుంటోందని ఆ వైరు పీకేశాం. ఇక హ్యాకర్లు ఎలా వస్తారు చెప్పండి? పొద్దున్నుంచి కుస్తీ పడుతున్న మాకే తెరుచుకోని ప్రోగ్రాము దొంగకి తెరుచుకుంటుందా?

కంటికి వ్యాయామం ఇంకో లాభం. కొత్త స్క్రీన్ మీద పాత అక్షరాలు ఆవగింజలంత కనబడతాయి. భూతద్దం పట్టుకుని చదువుతుంటే వచ్చినవాళ్ళకి మనమీద ఎంత గౌరవమో! ‘నాట్ రెస్పాండింగ్’ అని వచ్చినప్పుడల్లా అందరం కలిసి టీకి వెళ్ళేవాళ్ళం. గేటు దగ్గర సింహాద్రమ్మ టీకొట్టు రేకుల షెడ్డు నుంచి స్లాబు దాకా ఎదిగిందంటే అది మా సాఫ్ట్‌వేర్ చలవే. సర్టిఫికెట్ల కోసం గొలుగొండ నుంచి, నాతవరం నుంచి వచ్చినవాళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవారు. ఆ బెంచీ మీదే రెండు పెళ్ళిసంబంధాలు కుదిరాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా ఒక్క పెళ్ళి చేసిందా?

అన్నిటికన్నా పెద్ద వరం వయసు. నాకు పోయినేడు అరవై నిండాయి. ఆ సంగతి మా ఆవిడ వర్ధనమ్మకీ, బీపీ బిళ్ళకీ తెలుసు. మా సాఫ్ట్‌వేర్‌కి తెలీదు. దాని లెక్కలో నాకింకా నలభై ఆరే! కంప్యూటర్ మాట కాదనడానికి నేనెవర్ని?

ఒక చిన్న లోపం ఉందనుకోండి. సర్టిఫికెట్ మీద కూడా 2010 అనే పడుతుంది. దాన్ని పెన్నుతో కొట్టేసి, అసలు తేదీ రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టేవాళ్ళం. ఇన్నేళ్ళూ లోకం సర్దుకుపోయింది.

సత్యశ్రీ దగ్గరే చిక్కొచ్చింది. నాతవరం అమ్మాయి, మా దగ్గరే బీఎస్సీ చదివింది. విశాఖలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. కొట్టివేతలున్న టీసీ చెల్లదని కంపెనీవాళ్ళు తిప్పి పంపారట. సోమవారంలోగా శుభ్రమైన కాగితం ఇవ్వకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆ రోజు శనివారం. షేర్ ఆటో పట్టుకుని పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం పిలిచి, పాత సాఫ్ట్‌వేర్ గొప్పతనం గురించి ఇప్పుడు మీకు చెప్పినదంతా ఆ పిల్లకీ చెప్పాను.

ఓపిగ్గా వింది. తర్వాత నెమ్మదిగా అంది.

“సార్, మీ కంప్యూటర్‌లో నాకు ఆరేళ్ళండి. ఆరేళ్ళ పిల్లకి ఉజ్జోగం ఎవలిత్తారండి?”

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. నన్ను నలభై ఆరేళ్ళ దగ్గర కూర్చోబెట్టిన యంత్రం ఈ పిల్లని ఆరేళ్ళ దగ్గర ఆపేసిందే అని! లోపల మేం కాలాన్ని ఆపుకున్నాం సరే, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి రోజులు గడిచిపోతూనే ఉన్నాయిగా?

ప్రోగ్రాము తెరిచి ఉండగానే తేదీ ఇవాళ్టికి మార్చమన్నాను. “మూసేత్తే మరి తెరుసుకోదండి” అన్నాడు మణి. మార్చమన్నాను. మార్చాడు. టీసీ శుభ్రంగా, ఇవాళ్టి తేదీతో బయటికొచ్చింది. అసలు తేదీ చూసి సాఫ్ట్‌వేర్ కూడా నిద్రలేచింది. ఇన్నేళ్ళుగా పెండింగులో ఉన్న డ్యూటీలన్నీ గబగబా మొదలెట్టింది. సంతకం పెట్టడానికి ప్రిన్సిపాల్‌గారు వచ్చి నా వెనక నిలబడ్డ క్షణంలోనే స్క్రీన్ మీద ఎర్రటి డబ్బా వెలిగింది. రిటైర్మెంటు గడువు దాటినవారు ఒక్కరు అని, కింద నా పేరు. అదొక్కటీ ఆవగింజంత అక్షరాల్లో కాదు. భూతద్దం లేకుండానే ప్రిన్సిపాల్‌గారు చదివేశారు.

సత్యశ్రీ సోమవారం ఉద్యోగంలో చేరింది. నేను ఆ నెలాఖరుకి దండ వేయించుకుని ఇంటికొచ్చాను. ఆ పిల్ల ఫోన్ చేసి మొదటి జీతంతో స్వీట్లు తెస్తానంది. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు?

ఖాళీగా కూర్చోలేక ఇంకో కాలేజీలో పని అడిగితే సర్వీసు సర్టిఫికెట్ తెమ్మన్నారు. నిన్న మా ఆఫీసుకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. నా కుర్చీలోకి వచ్చిన రమేష్‌బాబు కొత్త సాఫ్ట్‌వేర్ కొనిపించి ఉంటాడనుకున్నాను. అబ్బే! పాత సీడీ వెతికించి, దాన్నే మళ్ళీ మొదటినుంచి ఎక్కించాడట. ఈసారి రోజూ పొద్దున్నే 2007 తేదీ పెడితేగాని అది లొంగడం లేదట. నేను చేరింది 2008లో.

“ఇందులో తమరింకా ఉజ్జోగంలో సేరలేదండి” అన్నాడు మణి. చేరిన తేదీ వచ్చేదాకా ఆగమని రమేష్‌బాబు గారు చెప్పమన్నారట.

అదెప్పుడొస్తుందని అడిగాను.

“ఇక్కడైతే రాదండి” అన్నాడు మణి, నాకు కొంచెం పక్కన బెంచీ తుడుస్తూ.