మంత్రిగారి సైకిలు, నా లారీ బ్రేకు

"వచ్చే ఆదివారం నేను సైకిలు మీద కనుమ దాటుతాను," అని రోడ్ల మంత్రిగారు ప్రకటించారు. ఇరవై రెండు మలుపుల ఆ ఘాట్‌రోడ్డు మేకలకు తప్ప పనికిరాదని పత్రికలు రాశాయి మరి. ఆయనకు తొక్కడం కొత్త కాదు. మా శాఖ లారీకి కొత్త బ్రేకులు కావాలని డ్రైవరుగా నేను పెట్టుకున్న అర్జీని పదకొండు నెలలుగా తొక్కిపెట్టింది ఆయనే.

రిహార్సల్లో మంత్రిగారు నలభై గజాలు తొక్కి పీ.ఏ. భుజం మీద వాలిపోయారు. పీ.ఏ. మేధావి. నా లారీ వెనక తొట్టిలో ఇనుప స్టాండు బిగించి, దాని మీద సైకిలు నిలబెట్టించాడు. చక్రం గాల్లో తిరుగుతుంది. మంత్రిగారు తొక్కుతారు, కనుమ దాటుతారు. ఇందులో అబద్ధమేముందని నన్నే అడిగాడు. చుట్టూ పూలు కట్టించాడు కాబట్టి ఫొటోల్లో లారీ కనిపించదు. డ్రైవరు ఎలాగూ కనిపించడు.

బ్రేకులు సరిగా లేవని విన్నవించుకున్నాను.

"ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేంటయ్యా?"

"దిగేటప్పుడో సార్?"

"దిగే మాట మంత్రిగారి దగ్గర ఎత్తకు."

క్లీనరు నా బామ్మర్దే. ఒళ్లో బండరాయి పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. బండి ఆగినప్పుడల్లా దూకి దాన్ని చక్రం కింద పెట్టడం వాడి ఉద్యోగం. మా శాఖలో నమ్మకంగా పనిచేసేది ఆ రాయొక్కటే.

తొమ్మిదో మలుపు. ఒక పక్క లోయ, ఇంకో పక్క జలపాతం, మధ్యలో మబ్బులు. ఆ అందం చూసి మంత్రిగారు తొక్కడం ఆపారు. లారీ ఆగలేదు. తొట్టిలో పూలచాటున నక్కిన పీ.ఏ. క్యాబిన్ మీద దబదబా బాది, ఆయన ఆపితే నువ్వూ ఆపాలి, జనం చూస్తున్నారన్నాడు. అప్పట్నుంచి ఆయన చెమట తుడుచుకున్నప్పుడల్లా బామ్మర్ది రాయితో దూకాడు. పద్నాలుగో మలుపుకల్లా, లారీని తానే లాగుతున్నానన్న నమ్మకం మంత్రిగారికి కుదిరిపోయింది. నేను ఫస్టు గేరు వేస్తే, బరువు పెరిగిందని విసుక్కున్నారు.

పైన సభ. సైకిలు యాత్రికుల విశ్రాంతి భవనానికి శంకుస్థాపన అన్నారు. తీరా చూస్తే పునాదిరాయి తేవడం మరిచారు. పీ.ఏ. కళ్లు బామ్మర్ది చేతుల మీద పడ్డాయి. రాయికి రిబ్బను కట్టారు, చప్పట్లు కొట్టారు, సిమెంటు పోశారు.

దిగుతుంటే పైనుంచి మూడో మలుపులో బ్రేకు పెడలు అడుగు దాకా వెళ్లి అక్కడే స్థిరపడింది.

"రాయేదిరా?"

"పునాదిలో ఉంది బావా." వాడు కళ్లు మూసుకున్నాడు. "అక్కకేం చెప్పమంటావు?"

"నువ్వుంటే కదరా చెప్పేది."

తర్వాతి రెండు మలుపులు ఎలా తిరిగానో నాకే తెలీదు. ఆరో మలుపులో కంకర గుట్ట ఎదురైంది, ఈ రోడ్డు రిపేరుకని నాలుగేళ్ల కిందట పోసి వదిలేసింది. లారీ మూతి దాంట్లోకి దూర్చాను. ఆగింది.

మంత్రిగారు సైకిలు దిగలేదు. రెండు చేతులా హ్యాండిలు బ్రేకులు బిగించి పట్టుకుని అలాగే ఉన్నారు.

"నువ్వు పట్టేలా లేవని నేనే పట్టానోయ్," అన్నారు చివరికి.

పీ.ఏ. ఆయనకు దండం పెట్టాడు. మర్నాడు పత్రికలూ పెట్టాయి.

వారం తిరక్కుండా నా అర్జీ మంజూరైంది. కవర్లో సైకిలు బ్రేకు రబ్బర్లు నాలుగున్నాయి. కింద మంత్రిగారి చేతిరాత: 'ఇవే వాడవలెను. అనుభవం మీద చెబుతున్నాను.'

వెంట ఇంకో ఆర్డరు. ఆరో మలుపులో మంత్రిగారి సైకిలుకు అడ్డొచ్చిన కంకర గుట్టను వెంటనే తొలగించాలి. మొత్తం నా లారీలోనే కిందికి దించాలి.