డిఫెన్స్‌లో కనకరాజు

ఆ శనివారం పొద్దున కనకరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంత పెరుగన్నం తినాలి, రైలెక్కాలి, మూడింటికల్లా యూనివర్సిటీ గ్రౌండులో ఉండాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనుకున్నాడు. చెడిపోయేవన్నీ ఇలా శుభ్రంగానే మొదలవుతాయని ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది?

అమలాపురం కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో అతను ఎడమవైపు డిఫెండరు. మాస్టర్స్ చదవడానికి బ్రిస్బేన్ వచ్చి, యూనివర్సిటీ క్లబ్బులో చేరి, నెల తిరక్కుండానే మోకాలు మెలిపెట్టుకున్నాడు. ఇక ఆడటానికి పనికిరావని డాక్టరు తేల్చేశాడు. పనికిరానివాళ్ళకు ఈ లోకంలో ఒక ఉద్యోగం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, పనికొచ్చేవాళ్ళకు సలహాలివ్వడం. క్లబ్బువాళ్ళు అతన్ని రెండో జట్టుకు డిఫెన్స్ అసిస్టెంట్ కోచ్‌ని చేశారు. రెండో జట్టును అక్కడ రిజర్వ్స్ అంటారు. హెడ్ కోచ్ బ్రెట్‌కు కనకరాజు అనే పేరుకు నోరు తిరగదు గనక 'కానర్' అని పిలిచేవాడు. పోయినవారం మూడు గోల్స్ పడ్డాక బ్రెట్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఈ శనివారం డిఫెన్స్ నిలబడితే కానర్ ఉంటాడు, లేకపోతే ఇంటికెళ్ళి చదువుకుంటాడు.

చదువుకోవడం అనే శిక్ష ఎంత ఘోరమో కనకరాజుకు తెలుసు. గ్రౌండు పోతే అతనికి ఈ దేశంలో మిగిలేది అకౌంటింగు పాఠాలూ, కుంటికాలూ.

ఊరి శివార్లలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో, జకరయ్య గారింట్లో వెనకగది అతనిది. జకరయ్య బస్సు నడుపుతాడు. ఆయన భార్య మరియరాణి వృద్ధాశ్రమంలో నర్సు. కూతురు కరోలిన్ అక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. కనకరాజు మంచివాడు. కోనసీమ మంచితనం. పెద్దవాళ్ళు ఏదైనా అంటే ముందు "ఆయ్" అంటాడు, ఏమన్నారో తరవాత ఆలోచిస్తాడు.

"అబ్బాయ్, నువ్వు డిఫెన్స్ కోచింగే కదూ చెప్పేది?" పొద్దున్నే కాఫీ ఇస్తూ అడిగింది మరియరాణి.

"ఆయ్, ఆంటీ."

"ఎవరికి?"

"యూని రిజర్వ్స్‌కండీ."

ఆవిడకు యూనిట్ అని వినిపించింది. ఆవిడ పెరిగిన రావులపాలెంలో బస్టాండు గోడల నిండా 'డిఫెన్స్ కోచింగ్' అని రాసి ఉండేది. దాని కింద పొట్టి క్రాఫుతో తుపాకీ పట్టుకున్న బొమ్మ. ఇప్పుడా బొమ్మే పచ్చ ట్రాక్‌సూటు వేసుకుని తన వంటింట్లో కాఫీ తాగుతోంది, పైగా కుంటుతోంది కూడా.

"హీ కోచెస్ సాకర్, మమ్," అంది కరోలిన్. ఫుట్‌బాల్‌ను అక్కడ సాకర్ అంటారు.

"నువ్వా చెవుల్లో పుల్లలు తీసి మాట్లాడవే! పెద్దోళ్ళు డిఫెన్స్ గురించి మాట్లాడుకుంటుంటే సాకరంట, సాకర్!"

ఆవిడ వెంటనే పాస్టరు గారికి ఫోన్ చేసింది. యాన్జాక్ డే దగ్గర పడింది. ఆ దేశంలో సైనికులను తలుచుకునే రోజు అది. తెలుగు సంఘం కూడా ఆ శనివారం మధ్యాహ్నమే చర్చి హాల్లో సైనిక సన్మానం పెట్టుకుంది. వాళ్ళకు దొరికిన సైనికుడు ఒక్కడే. వీధి చివర కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చిన రిటైర్డు హవల్దారు శేషగిరి. ఒక్కడికే సన్మానం చేస్తే పెళ్ళిచూపుల్లా ఉంటుందని పాస్టరు బెంగపడుతున్న సమయానికి రెండో సైనికుడు ఫోన్‌లో దొరికాడు.

"రైలెందుకు బాబూ, నేను కార్లో దింపేస్తాగా," అన్నాడు జకరయ్య. "దార్లో చర్చి హాల్లో ఒక్క ఐదు నిమిషాలు. మనోళ్ళంతా నిన్ను చూడాలంటున్నారు."

"ఆయ్, అంకుల్."

మనవాళ్ళ ఐదు నిమిషాలు సముద్రం దాటినా పొడవు తగ్గలేదు. పాటలయ్యాయి. పాస్టరు గారి వాక్యం, అంటే ప్రసంగం, అయింది. శేషగిరికి శాలువా కప్పారు. అప్పుడు కనకరాజు చేతికి మైకిచ్చి, "మీ డిఫెన్స్ పని గురించి రెండు మాటలు చెప్పండి బ్రదర్," అన్నాడు పాస్టరు. తన పని గురించి అడిగిన మొదటి తెలుగువాళ్ళు వీళ్ళే. కనకరాజు మైకును రెండు చేతులా పట్టుకున్నాడు.

"మా పని ఒకటేనండీ. అవతలివాణ్ణి మన వైపు అడుగు పెట్టనివ్వకూడదు. ముందుకెళ్ళి పేరు తెచ్చుకునేది వేరేవాళ్ళు. వెనకుండి దెబ్బలు తినేది మేమండీ."

ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"పోయినవారం ఎలా జరిగింది నాయనా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"మూడు పడ్డాయండీ. మూడూ ఎడమవైపే. అది నేను చూసుకోవాల్సిన వైపు. అప్పట్నించీ నిద్ర లేదండీ."

"బాంబులే," అని వెనక ఎవరో గుసగుసలాడారు. "ప్రభువా!" అంది హాలు.

"మా గోలీ అయితే కిందపడి ఏడ్చేశాడు పాపం."

గోలీ అంటే కనకరాజు లెక్కలో గోల్‌కీపరు. కాశ్మీరులో కాపలా కాసిన శేషగిరి లెక్కలో తుపాకీ గుండు. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"గోలీ తగిలి పడిపోయాడా?"

"తగిలితే బావుండునండీ! తగలకుండా పక్కనుంచి పోయింది. అదే ఏడుపు."

శేషగిరి తిరిగి కుర్చీలో కూలబడ్డాడు. చావు తప్పినందుకు ఏడ్చే సైనికుణ్ణి ఆయన తన సర్వీసులో చూడలేదు. పాస్టరు బంతిపూల దండ వేసి, శాలువా కప్పి, "యుద్ధభూమి నుంచి కుంటుతూ తిరిగొచ్చిన ఈ బిడ్డ కోసం..." అని ప్రార్థన మొదలుపెట్టాడు. అప్పటికి కనకరాజుకు వెలిగింది. ఆమెన్ అనీ అనకముందే మైకు లాక్కున్నాడు.

"అయ్యా, నేను మిలటరీ కాదండీ! ఫుట్‌బాల్ అండీ! బంతాట!"

శేషగిరి మెల్లగా లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"శభాష్. అలాగే చెప్పాలి. బోర్డర్లో ఉన్నప్పుడు మేమూ ఇంట్లో పోస్టాఫీసు పనే అనేవాళ్ళం."

చప్పట్లతో పైకప్పు లేచిపోయింది. నిజం చెప్పినవాడికి ఇంత గౌరవం దక్కడం లోకంలో అరుదు. కనకరాజు దాన్ని అనుభవించే స్థితిలో లేడు. గోడ గడియారం కేసి చూస్తున్నాడు. బిర్యానీ వడ్డించారు. జకరయ్య రెండోసారి వడ్డించుకున్నాడు.

"అంకుల్, మూడైపోయిందండీ! నా కొలువు పోతుందండీ!"

"నీ కొలువు ఎవడు తీస్తాడు బాబూ? దేశం నీ చేతుల్లో ఉంటేను! ఈ ముక్క తిననీ."

గ్రౌండు గేటు ముందు కారు దిగేసరికి మ్యాచ్ రెండో సగం నడుస్తోంది. జకరయ్య లోపలికి తొంగిచూడకుండానే కారు తిప్పేశాడు. మిలటరీ చోట్లలో మనకెందుకని ఆయన భయం. కనకరాజు మెడలో దండతోనే కుంటుకుంటూ పరిగెత్తి స్కోరు చూశాడు. సున్నా, సున్నా. అతని నలుగురు డిఫెండర్లూ గోడలా నిలబడి ఉన్నారు. ఇన్నాళ్ళూ తను చెప్పిందంతా ఈ రోజు వాళ్ళ బుర్రకెక్కిందని అతనికి ఆనందం ముంచుకొచ్చింది. బ్రెట్ చూపు మాత్రం బంతిపూల మీద ఉంది. ఆలస్యంగానైనా ఆయనకు తన విలువ తెలియజెప్పాలి కదా అనుకున్నాడు కనకరాజు.

"పుష్ అప్! పుష్ అప్!" అని, అంటే ముందుకు జరగమని, అరిచాడు.

నలుగురూ తలలు తిప్పారు. పూలదండ, శాలువా, వాటి మధ్య ఊగుతున్న కోచ్. అది చూసి ఇద్దరు ముందుకు జరిగారు, ఇద్దరు నోరు తెరుచుకుని నిలబడిపోయారు. మధ్యలోంచి బంతి వెళ్ళిపోయింది. గోల్. ఈసారి "డ్రాప్ బ్యాక్!" అని ఇంకా గట్టిగా అరిచాడు. ముందుకెళ్ళినవాళ్ళు వెనక్కీ, వెనకున్నవాళ్ళు ముందుకీ పరిగెత్తి ఒకరినొకరు గుద్దుకున్నారు. రెండో గోల్. జట్టు ఓడింది.

ఆట అయిపోయాక బ్రెట్ పిలిచాడు. కనకరాజు శాలువా మడిచి చంకలో పెట్టుకుని శిక్షకు నిలబడ్డాడు. నువ్వు లేనంతసేపూ ఒక్క గోల్ పడలేదు, అన్నాడు బ్రెట్. నువ్వు నోరు తెరిచాక రెండు పడ్డాయి. ఆరు వారాలుగా మన ఫార్వర్డు లైను ఒక్క గోల్ వెయ్యలేక చస్తోంది. ఈ క్లబ్బులో నిలబడినచోటినుంచి గోల్స్ పడేట్టు చెయ్యగలిగినవాడివి నువ్వొక్కడివే కనబడుతున్నావు. డిఫెన్స్ వైపు మళ్ళీ చూడకు. సోమవారం నుంచి అటాక్ నీది.

"ఆయ్," అన్నాడు కనకరాజు. బ్రెట్ ఏమన్నాడో అర్థమయ్యాక ఇంకోసారి, కాస్త గట్టిగా అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఈసారి ఏ తికమకా లేకుండా విషయం తేల్చేద్దామని నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు.

"ఆంటీ, నన్ను డిఫెన్స్‌లోంచి తీసేశారండీ. సోమవారం నుంచి అటాక్‌లో వేశారు."

మరియరాణి చేతిలో గరిటె జారిపోయింది. "కుంటికాలితోనా! ఫ్రంట్‌కా?"

"ఆయ్, ఫ్రంట్ లైనేనండీ. చాలా సంతోషంగా ఉందండీ."

"స్టిల్ సాకర్, మమ్," అంది కరోలిన్ పక్కగదిలోంచి. ఆవిడ అప్పటికే పాస్టరు గారి నంబరు నొక్కుతోంది.

ఆదివారం సంఘమంతా కనకరాజు ప్రాణం కోసం ఉపవాసం ఉంది. ఆ సంగతి తెలియని కనకరాజు ఇంట్లో ఎవరూ లేరని రెండు ఆమ్లెట్లు ఎక్కువ తిన్నాడు.